యాభై తొమ్మిది మందికి ఒకే జత చేతులు

గురువారం ఉదయం ఐదున్నరకు కాత్యాయని రెండు చేతులూ వేడినీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. నీళ్లలో కల్లుప్పు వేసింది భర్త మల్లికార్జునయ్య. పొద్దున పూట వేళ్లతో చేయాల్సిన పనులన్నీ ఆయనవే. పాలపాకెట్ కత్తిరించడం, పేస్టు మూత తీయడం, కుక్కర్ మూత బిగించడం, ఆమె జడ వేయడం. జడ వేయడం ఆయనకు ఆరేళ్లయినా పూర్తిగా రాలేదు.

కాత్యాయని చేతులకు కీళ్లవాతం. ఉదయం లేచేసరికి వేళ్లు కర్రల్లా ఉంటాయి. ఎనిమిది దాటితే కొద్దిగా వంగుతాయి, పదకొండుకు సుద్దముక్క పట్టుకుంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు చూసినవాళ్లు ఆ చేతులకు జబ్బుందంటే నమ్మరు. జమ్మలమడుగుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు. పొద్దున పీరియడ్లలో నోటిలెక్కలు చెబుతుంది, మధ్యాహ్నం బోర్డు మీద రాస్తుంది. పోయినేడు తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని కొత్త బోధనా పద్ధతి అనుకుని రిజిస్టర్లో మెచ్చుకుంటూ రెండు పేరాలు రాశాడు.

అంతకుముందు రోజు ఆమెకు పంచాయతీ ఎన్నికల ఉత్తర్వు వచ్చింది. తొండూరు అవతల ఒక పల్లెలో ప్రిసైడింగ్ అధికారి. పోలింగ్ ఉదయం ఏడు నుంచి ఒంటిగంట వరకు. ఓట్లు తొమ్మిది వందల పన్నెండు. ప్రతి బ్యాలెట్ పేపరు వెనకా ఆమె సంతకం ఉండాలి. సంతకం లేని ఓటు చెల్లదు. పోయినసారి ఆ ఊళ్లో సర్పంచి నాలుగు ఓట్లతో గెలిచాడు. ఓడినవాళ్లు ప్రిసైడింగ్ అధికారిని పొద్దుగూకే దాకా బడి గదిలోంచి బయటికి రానివ్వలేదు. ఏడు గంటలకు కాత్యాయని వేళ్లు పెన్ను పట్టవు. పట్టినా యాభయ్యో సంతకానికి ఆగిపోతాయి. తర్వాత ఏమవుతుందో ఆమె లెక్క వేసింది. లెక్కల్లో ఆమె పొరపాటు చేయదు.

"సోమవారం మెడికల్ బోర్డు కూర్చుంటాదంట, ఈడనే కళ్యాణమండపంలో. డ్యూటీ తప్పించేది వాళ్లే. ఎక్స్‌రే తీసి బీరువా మీద పెట్టండి. నేను సెలవు చీటీ రాసుకుంటా," అంది.

"రాయగలవా?"

"మధ్యాహ్నం రాస్తా."

మల్లికార్జునయ్య ఎక్స్‌రే తీసి బీరువా మీద పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆయన జూనియర్ కాలేజీలో గుమాస్తాగా రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో, తర్వాతి మూడేళ్లలో, అడిగినవాళ్లకు లేదని చెప్పి ఎరగడు. అందుకే ఇంట్లో నిచ్చెన ఉండదు, సుత్తి ఉండదు, పెద్ద గుండిగ ఉండదు. అవన్నీ వీధిలో తిరుగుతూ ఉంటాయి. ఆ సాయంత్రం కాత్యాయని స్కూల్లో పనిచేసే వ్యాయామం సారు ప్రవీణ్ వచ్చాడు. వయసు ముప్పై నాలుగు. వరండాలో కూర్చున్నంతసేపూ చేతిలో ఉన్న వాలీబాల్‌ను చూపుడువేలి మీద తిప్పుతూనే ఉన్నాడు.

"మామా, మేడమ్ ఎక్స్‌రే ఒక్కసారి ఇస్తావా? మా పెద్దమ్మకు ఇట్లే వేళ్లు వంకర పోయినాయి. డాక్టరుకు చూపిచ్చి రేపు పొద్దున్నే తెచ్చిస్తా."

"ఆమె ఎక్స్‌రే చూపిస్తే మీ పెద్దమ్మకు ఏం తెలుస్తాదప్పా?"

"పోల్చుకుంటారు మామా."

అది మల్లికార్జునయ్యకు సబబుగానే తోచింది. ఇచ్చాడు.

ప్రవీణ్‌కు పెద్దమ్మ లేదు. వేంపల్లె దగ్గర ఎన్నికల డ్యూటీ ఉంది. అదే రోజు ప్రొద్దుటూరులో వాలీబాల్ టోర్నమెంటు ఉంది. అతను నేరుగా బస్టాండు పక్కనున్న జమీర్ స్టూడియోకు పోయాడు. పాస్‌పోర్టు ఫోటోల్లో కోటు లేనివాళ్లకు కోటు తొడగడం, పెళ్లి ఫోటోల్లోంచి మాటలు లేని బంధువులను తీసేయడం జమీర్‌కు రోజూ ఉండే పని. అతను ఎక్స్‌రేను కంప్యూటర్‌లోకి ఎక్కించి చూశాడు.

"అన్నా, దీంట్లో గాజులుండాయి."

ఉన్నాయి. కాత్యాయని వేళ్ల కణుపులు వాచి బంగారు గాజులు ఊడిరావు. ఎక్స్‌రే తీసినతను చూసి చూసి, అలాగే కానిచ్చాడు.

"తీసేయప్పా. నా చేతికి గాజులేంది?"

"పేరు?"

"ప్రవీణ్. ముప్పై నాలుగు. మేల్."

"ఎముకలు శానా వంకరగా ఉండాయి. కొంచెం సాపు చేయాల్నా?"

"ఎముకలు ముట్టుకోవద్దు. ఎముకల కోసమే కదా వచ్చింది."

ప్రవీణ్ ఈ సంగతి ఒక్కరికే చెప్పాడు. ప్రొద్దుటూరులో ఇంగ్లీషు టీచరు వివేక్‌కు. వివేక్ కూడా ఒక్కరికే చెప్పాడు, కాకపోతే వాట్సాప్ గ్రూపులో. శనివారం సాయంత్రానికి జమీర్ కంప్యూటర్‌లో 'చేతులు' అని ఒక ఫోల్డరు తయారైంది. ఆదివారానికి పులివెందుల వైపు నుంచి పదిహేడు మంది, ప్రొద్దుటూరు నుంచి ఇరవై తొమ్మిది మంది, జమ్మలమడుగు నుంచి పన్నెండు మంది తీసుకుపోయారు. మొత్తం యాభై ఎనిమిది. అసలు ఎక్స్‌రేను ప్రవీణ్ మాట ప్రకారం శుక్రవారం పొద్దున్నే తెచ్చి బీరువా మీద పెట్టిపోయాడు.

ఆదివారం సాయంత్రం కాత్యాయనికి ఒక ఫోను వచ్చింది. మసరత్ అని, వేంపల్లెలో టీచరు.

"మేడమ్, మీకు చేతుల నొప్పులని చెప్పినారు. ఎట్లుంటాది మేడమ్? యాడ నొస్తాది?"

కాత్యాయనికి జాలి వేసింది. ఇంకో మనిషి తనలాగే బాధ పడుతున్నదనుకుని పావుగంట సేపు చెప్పింది. "పొద్దున లేస్తానే వేళ్లు మడతపడవమ్మా. పాలపాకెట్ కత్తిరించలేను. చొంబు రెండు చేతుల మధ్య అదిమి ఎత్తుకుంటా. కొళాయి మోచేత్తో తిప్పుతా. జడ వేసుకోలేను. ఎవరన్నా చేయి పట్టి ఊపితే పానం పోయినట్టుంటాది, అందుకే రెండు చేతులు జోడిస్తా."

"శానా థ్యాంక్స్ మేడమ్. బాగా చెప్పినారు," అంది మసరత్. కాత్యాయని మాటలను ఆమె గొంతుతోనే రికార్డు చేసి గ్రూపులో పెట్టింది.

సోమవారం కళ్యాణమండపంలో గుండెకు ఒక వరుస, కళ్లకు ఒక వరుస, ఎముకలకు ఒక వరుస పెట్టారు. ఎముకల వరుస మండపం దాటి చెప్పుల స్టాండు దాకా వచ్చింది. దూరం నుంచి వచ్చినవాళ్లను ముందు పంపాలని పులివెందుల వాళ్లను పిలిచారు, తర్వాత ప్రొద్దుటూరు వాళ్లను. ఊరివాళ్లు చివర. కాత్యాయని అందరికన్నా చివర. ఎనిమిదింటికి వచ్చినప్పుడు ఆమె రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని ఉంది. పదిన్నరకు చున్నీ తీసేసింది.

బల్ల దగ్గరికి వరుస చేరేకొద్దీ ముందున్నవాళ్ల మాటలు వినిపించాయి. "పొద్దున లేస్తానే వేళ్లు మడతపడవు సార్. పాలపాకెట్ కత్తిరించలేను." ఇంకొకరు, "కొళాయి మోచేత్తో తిప్పుతా సార్." తన జబ్బు ఇంతమందికి ఉందని కాత్యాయని ఆరేళ్లలో ఏనాడూ అనుకోలేదు. కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఆమెకు ముందున్నది ప్రవీణ్. అతను గ్రూపులో విన్నది విన్నట్టు అప్పజెప్పాడు.

"చొంబు రెండు చేతుల మధ్య అదిమి ఎత్తుకుంటా సార్. జడ వేసుకోలేను."

పెద్ద డాక్టరు తల ఎత్తకుండా రాసి, ముద్ర వేశాడు. ప్రవీణ్ వెనక్కి తిరిగి కాత్యాయనిని చూసి, చూడనట్టు పోయాడు.

అప్పటికి ఒంటిగంటా ఇరవై. డాక్టరు ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"అమ్మా, ఈ ఎముకల్ని పొద్దుట్నుంచి యాభై ఎనిమిది సార్లు చూసినా. జబ్బు ఒకటే అయితే ఎముకలు ఒక తీరుగా ఉంటాయిలే అనుకున్న్యా. నీదాంట్లో గాజులు యాడ్నుంచి వచ్చె?"

"అవి నా గాజులే సార్. కణుపులు వాచి రాకపోతే అట్లే తీసినారు."

"యాభై ఎనిమిది మందికి లేంది నీ ఒక్కదానికే ఉంటే ఏమనుకోవాల? ఎవరిదో ఎక్స్‌రేకి కంప్యూటర్లో గాజులు తగిలిచ్చినారు. నాకు తెలీదనుకున్న్యావా?"

"నా చేతులు చూడండి సార్."

"చేతులు అందరూ చూపిస్తారమ్మా. బోర్డు చూసేది రిపోర్టు. ఆ రిజిస్టర్లో సంతకం పెట్టు."

ఒంటిగంటా ఇరవైకి ఆమె వేళ్లు బాగా పనిచేస్తాయి. ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. డాక్టరు రిజిస్టరు తిప్పి చూసి, "చూడు, ముత్యాల్లాగా పెట్టినావు," అన్నాడు. ఎక్స్‌రే మూలన తెల్లకాగితం అంటించి, 'వ్యాధి లేదు, విధులకు అర్హురాలు' అని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం మల్లికార్జునయ్య ఎక్స్‌రే ప్రవీణ్‌కు ఇచ్చిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నిచ్చెన ఇచ్చినారు. గుండిగ ఇచ్చినారు. ఇప్పుడు నా చేతులు కూడా ఇచ్చినారు," అంది కాత్యాయని. "ఇంకేమన్నా మిగిలిందా ఇంట్లో?"

"పెద్దమ్మకని చెప్పినాడు కాత్యాయనీ."

"మీరు రేపట్నుంచి సంతకాలు పెట్టేది నేర్చుకోండి. నా పేరుతో. తొమ్మిది వందల పన్నెండు."

బుధవారం పేపర్లో వార్త వచ్చింది. మూడు ఊళ్లలో యాభై ఎనిమిది మంది ఉపాధ్యాయులకు ఒకే రకమైన చేతుల జబ్బు, ఒకే లక్షణాలు, ఒకే తీరు ఎముకలు. లక్షణాల జాబితాలో 'జడ వేసుకోలేకపోవడం' కూడా ఉంది. మధ్యాహ్నానికి బళ్లలో తాగునీటి నమూనాలు తీశారు. సుద్దముక్కల డబ్బాలు సీలు వేసి తీసుకుపోయారు. సుద్దపొడి వల్ల అని ఒకరు, ఫ్లోరైడు వల్ల అని ఒకరు టీవీలో చెప్పారు. ఒక ఉపాధ్యాయ సంఘం దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించాలని కోరింది. ఇంకో సంఘం ఆ డిమాండు ముందు తామే చేశామని చెప్పింది.

గురువారం ఉత్తర్వు వచ్చింది. యాభై ఎనిమిది మందికీ అదే కళ్యాణమండపంలో నలభై ఐదు రోజుల చికిత్స శిబిరం. రోజూ ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు, ఆదివారాలతో సహా. వేడి మైనం తొట్టిలో చేతులు ముంచాలి. రబ్బరు బంతిని మూడు వందల సార్లు నొక్కాలి. బండి నడపరాదు, బరువు ఎత్తరాదు. బొటనవేలికి విశ్రాంతి కోసం సెల్‌ఫోను వాడరాదు. జబ్బు నయమయ్యే వరకు హెడ్మాస్టరు పదోన్నతుల జాబితాలో పేర్లు చేర్చరు.

మైనం తొట్టి గురించి విన్నాక కాత్యాయని శుక్రవారం ఆరుకే మండపానికి పోయింది. గేటు దగ్గర అటెండరు సర్దార్ జాబితా చూశాడు.

"నీ పేరు లేదు మేడమ్."

"నాకు నిజంగానే జబ్బుంది సర్దార్. ఆ మైనంలో పది నిమిషాలు పెట్టుకుని పోతా."

"నీకు జబ్బు లేదని బోర్డు రాసిచ్చింది కదా. జబ్బు లేనోళ్లను లోపలికి రానిస్తే నా ఉద్యోగం పోతాది." అతను కొంచెం మెత్తబడ్డాడు. "యాడన్నా జబ్బని రాయిచ్చుకుని రా మేడమ్. నేనే తొట్టి కాడికి తీసకపోతా."

కిటికీలోంచి ఆమెకు లోపల కనిపించింది. యాభై ఎనిమిది మంది వరుసగా బంతులు నొక్కుతున్నారు. ప్రవీణ్ మూడు వందలు అందరికన్నా ముందు నొక్కేసి, దొరికిపోతానని మళ్లీ మెల్లగా మొదలుపెట్టాడు.

నాలుగో రోజుకు వాళ్ల ఓపిక అయిపోయింది. బండ్లు లేక షేర్ ఆటోల్లో తెల్లవారుజామున రావాల్సి వస్తోంది. పదోన్నతుల జాబితా పది రోజుల్లో ఖాయం అవుతుంది. ప్రవీణ్‌కు టోర్నమెంటు వాళ్లు ఫోను చేసి, పేపర్లో పేరు చూశామని, విశ్రాంతి తీసుకోమని చెప్పారు. ఆ ఫోను కూడా అతను ఎత్తకూడనిది. జబ్బు నయమైందని బోర్డు ఒప్పుకుంటే తప్ప దారి లేదు. తాజా ఎక్స్‌రేలు తెస్తే మంగళవారం ఉదయం శిబిరంలోనే మళ్లీ చూస్తామని డాక్టరు కబురు పెట్టాడు. నిజంగా ఎక్స్‌రే తీయించుకుంటే సరిపోయేది. కానీ నాలుగు రోజుల్లో ఎముకలు వేరే మనిషివి అయిపోతే డాక్టరు ఏమంటాడోనని భయపడ్డారు. ప్రవీణ్ జమీర్ దగ్గరికి పోయాడు.

"ఎముకలు అవే ఉండాల. జబ్బు ఉండకూడదు. ఎట్లప్పా?"

జమీర్ ఆలోచించాడు. "ఉండాది అన్నా. అవే ఎముకలు, డాక్టరు చేత్తో జబ్బు లేదని రాసింది ఒక్కటి ఉండాది. మేడమ్‌ది. గాజులు తీసేస్తే జబ్బు వస్తాంది. గాజులుంటే నార్మల్. ఈసారి గాజులు తీయొద్దు."

సోమవారం కాత్యాయని బడిలో ఉండగా ప్రవీణ్ మల్లికార్జునయ్య దగ్గరికి వచ్చాడు. ఈసారి పెద్దమ్మ పేరు ఎత్తలేదు. తప్పయిందన్నాడు. అందరం డ్యూటీలకు పోతామని, మనుషులు ఎక్కువై మేడమ్ పేరు వాళ్లే తీసేస్తారని చెప్పాడు. మల్లికార్జునయ్య లేదని చెప్పడానికి నోరు తెరిచాడు. ముప్పై ఏడేళ్లుగా ఆ మాట వాడకపోవడం వల్ల సమయానికి రాలేదు. ఎక్స్‌రే ఇచ్చి, కవరు మళ్లీ బీరువా మీద పెట్టాడు.

మంగళవారం బోర్డు మళ్లీ కూర్చుంటుందని కాత్యాయనికి బడిలో తెలిసింది. ఎన్నికలకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. ఇంకోసారి అడిగి చూద్దామనుకుంది. తెల్లవారుజామున ఉప్పునీళ్లు కాచుకునే వ్యవధి లేక, కవరు చంకలో పెట్టుకుని ఆరూ ఇరవైకి మండపం చేరింది. చలికి వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. సర్దార్ ఈసారి గేటు దగ్గర ఆపలేదు. బోర్డు ముందుకు వచ్చినవాళ్లను ఆపమని అతనికి ఉత్తర్వు లేదు.

లోపల ఎక్స్‌రేలు చూసే దీపం పెట్టె మీద ఒక ఎక్స్‌రే తగిలించి ఉంది. మూలన తెల్లకాగితం, దాని మీద ముద్ర. అది తనదేనని గుర్తుపట్టడానికి ఆమెకు కాగితం అక్కర్లేకపోయింది. ఆరోగ్యమైన చేతులు ఎలా ఉండాలో చూపడానికి ప్రవీణ్ వాళ్లు దాన్ని తెచ్చి మాదిరిగా పెట్టించారు. ఒక్కొక్కరూ తమ ఎక్స్‌రేను దాని పక్కన పెడుతున్నారు. డాక్టరు రెండూ చూసి, "సరిపోయింది. నార్మల్," అంటున్నాడు. ప్రవీణ్ చేతులకు గాజులున్నాయి. వివేక్ చేతులకు గాజులున్నాయి. తాను ముద్ర వేసిన మాదిరిలో గాజులున్నప్పుడు వీటిలో ఉండటం తప్పని డాక్టరుకు అనిపించలేదు. ఆరూ యాభైకి యాభై ఎనిమిది మందికీ నయమైపోయింది.

"నీదేందమ్మా?" అన్నాడు డాక్టరు. "ఏదీ రిపోర్టు?"

కాత్యాయని కవరు వైపు చూసింది. అది ఖాళీ అని బరువును బట్టి అప్పుడు తెలిసింది. తలుపు దగ్గర నిలబడ్డ ప్రవీణ్ రెండు చేతులూ జోడించాడు. పెట్టె మీదున్నది నాదేనని ఆమె ఒక్క మాట అంటే యాభై ఎనిమిది మంది ఉద్యోగాలు ఊడతాయి. అన్నా కూడా, ఆ ఎక్స్‌రే ప్రకారం ఆమెకు జబ్బు లేదు.

"లేదు సార్."

"రిపోర్టు లేకుండా ఏం చూడాల?"

"చేతులు సార్."

డాక్టరు బల్ల మీద వెతికాడు. చూడటానికి కాగితం ఏదీ లేదు. సర్దార్ అలవాటు ప్రకారం సంతకానికి రిజిస్టరు ముందుకు తోశాడు. కాత్యాయని పెన్ను తీసుకుంది. పెన్ను జారి కింద పడింది. సర్దార్ తీసి ఇచ్చాడు. రెండోసారి ఆమె రెండు అరచేతుల మధ్య పట్టి కాగితం మీద ఆనించింది. ఒక గీత పడి, పెన్ను మళ్లీ పడింది.

డాక్టరు కళ్లజోడు సర్దుకుని ఆమె కుడిచేయి పట్టుకున్నాడు. ఒక్కొక్క కణుపు నొక్కాడు. మూడో కణుపు దగ్గర ఆమె కళ్లు మూసుకుంది.

"ఎన్నేండ్లాయెనమ్మా?"

"ఆరేండ్లు."

"ఇంత జబ్బు పెట్టుకుని, మేము ఈడ బోర్డు పెడితే యాడికి పోయినావు?"

"ఈడనే ఉన్న్యా సార్. యాభై తొమ్మిదోదాన్ని."

డాక్టరు మినహాయింపు కాగితం తనే నింపాడు, సంతకం బదులు వేలిముద్ర చాలన్నాడు. తర్వాత సర్దార్‌ను పిలిచి, మైనం తొట్టి ఇంకా వేడిగానే ఉందా అని అడిగాడు. ఆ తొట్టిలో నిజంగా పని ఉన్న చేతులు పడటం అదే మొదటిసారి. కాత్యాయని ఎనిమిది దాకా అక్కడే కూర్చుంది. ప్రవీణ్ బయట డ్యూటీ ఉత్తర్వు తీసుకుంటూ కనిపించాడు. తొండూరు అవతలి పల్లె, తొమ్మిది వందల పన్నెండు ఓట్లు.

మరుసటి రోజు పేపర్లో, శిబిరం పెట్టిన ఐదు రోజుల్లోనే యాభై ఎనిమిది మంది పూర్తిగా కోలుకున్నారని, కొత్తగా ఒక్క కేసు మాత్రం బయటపడిందని రాశారు. ఆ ఒక్కరి వల్ల మిగతావారికి ప్రమాదమేమీ లేదని అధికారులు తెలిపారు.